ప్లస్ టూ మార్కులు ఏ సీటుకు ఎంత పనికొస్తాయి: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

రాయగడలో నాకొక నెట్ సెంటరుంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకి మజ్జిగౌరమ్మ క్యాలెండరు. ప్లస్ టూ ఫలితాలు వచ్చిన రోజు నుంచి నెలన్నర పాటు నా మధ్యాహ్న భోజనం కౌంటరు వెనకాలే. వచ్చిన ప్రతి తండ్రీ మార్కుల షీటు నా ముందు పరిచి ఒకే మాట అడుగుతాడు: "ఏటి బాబూ, ఈ మార్కులకి ఏ సీటొస్తాది?"

"ముందు ఏ సీటు కావాలో చెప్పండి" అంటే కొందరికి కోపం కూడా వస్తుంది. కానీ కిటుకంతా అక్కడే ఉంది. అదే 76 శాతం, డిగ్రీ కాలేజీ లిస్టులో నేరుగా ర్యాంకు అవుతుంది. ఎన్‌ఐటీ దగ్గర లోపలికి రానిచ్చే టికెట్టు మాత్రమే. ఢిల్లీ యూనివర్సిటీలో అయితే ఇద్దరి స్కోరూ సమానమైనప్పుడే దాన్ని తీసి చూస్తారు. గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో దీనికి తోడు ఇంకో చిక్కుంది. కొన్ని సీట్లకి ఎన్ని మార్కులొచ్చాయన్నది ఎంత ముఖ్యమో, ఏ రాష్ట్రంలో చదివి రాశారన్నదీ అంతే ముఖ్యం. అది చాలామందికి సీటు చేజారాకే తెలుస్తుంది.

మొదటి అడుగు: ప్రతి సీటు పక్కనా మార్కులు చేసే పని రాయండి

తెల్లకాగితం మీద, పిల్లలు చేరాలనుకుంటున్న కోర్సులన్నీ నిలువుగా రాయండి. ప్రతిదాని పక్కనా గడప, ర్యాంకు, వాటా, తగవు అనే నాలుగింటిలో ఒక మాట రాయాలి. ఇవి నేను పెట్టుకున్న పేర్లే, ప్రాస్పెక్టస్‌లో వెతక్కండి.

గడప అంటే ఇంత శాతం ఉంటే లోపలికి రానిస్తారు, దాటాక ఆ సంగతి మరిచిపోతారు. ఐఐటీలకీ ఎన్‌ఐటీలకీ 12వ తరగతిలో 75 శాతం, ఎస్సీ ఎస్టీలకి 65 శాతం ఉండాలి. లేదా తమ బోర్డులో టాప్ 20 పర్సెంటైల్‌లో ఉండాలి. ఎంబీబీఎస్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో ప్లస్ టూ పాసై ఉండాలి. అక్కడి నుంచి అంతా నీట్ ర్యాంకే. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ సీటు దగ్గర ప్లస్ టూలో 95 శాతం తెచ్చుకున్న అమ్మాయీ 60 తెచ్చుకున్న అబ్బాయీ ఒకే వరుసలో నిలబడతారు. బరంపురంలోనే ఉన్న సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌కి 60 శాతం, ఎస్సీ ఎస్టీలకి 55. ఆ తర్వాత ఐసర్ల ప్రవేశ పరీక్ష ఐఏటీలో వచ్చిన ర్యాంకును బట్టే సీటు.

ర్యాంకు అంటే మార్కులే సీటు. ఒడిశాలో ప్లస్ త్రీ, అంటే డిగ్రీ సీట్లు, ప్రభుత్వ ప్రవేశాల శామ్స్ పోర్టల్‌లో ప్లస్ టూ మార్కుల మెరిట్ మీద ఇస్తారు. తెలంగాణలో డిగ్రీకి 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశ పద్ధతి ఉంది, అక్కడా ఇంటర్ మార్కులే చూస్తారు. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో ఒక క్యాంపస్ ఉన్న ట్రిపుల్ ఐటీ, అంటే ఆర్‌జీయూకేటీ, ఇంకా ముందుకెళ్లి పదో తరగతి మార్కులతోనే పిల్లల్ని తీసుకుంటుంది. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకి అక్కడ 4 శాతం అదనంగా కలుపుతారు. వసతుల్లేని బడిలో తెచ్చుకున్న మార్కుకి విలువ ఎక్కువని ఒప్పుకున్న పద్ధతి అది. నాకైతే ఇది మిగతావాళ్లు కూడా నేర్చుకోవాల్సిన లెక్కలా కనిపిస్తుంది.

వాటాకి ఉదాహరణ ఆంధ్రప్రదేశ్ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్, తగవుకి ఢిల్లీ యూనివర్సిటీ. రెండిటి సంగతీ కింద విడిగా చెబుతాను.

ఇక్కడ ఒక పాత భ్రమ తొలగించాలి. "జేఈఈలో బోర్డు మార్కులు కలుపుతారంట కదా" అని ఇప్పటికీ అడుగుతారు. కలిపేవాళ్లు, 2013 నుంచి 2016 దాకా. అప్పట్లో జేఈఈ మెయిన్ ర్యాంకులో 40 శాతం వాటా బోర్డు మార్కులదే. 2017 నుంచి తీసేశారు. ఇప్పుడు మిగిలింది గడప ఒక్కటే.

రెండో అడుగు: 75 శాతం లెక్క చేత్తో వేసి చూడండి

మార్కుల షీటు కింద ఉన్న మొత్తాన్ని 600తో భాగించి, 75 రాలేదని ఫారమే పెట్టకుండా వెళ్లిపోయినవాళ్లను చూశాను. అది లెక్క తప్పు. ఎన్‌ఐటీల కోసం చూసేది ఐదు సబ్జెక్టులే: ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఒక భాష, ఈ నాలుగూ కాక మిగిలినవాటిలో ఎక్కువ మార్కులొచ్చిన ఇంకొకటి.

సీహెచ్‌ఎస్‌ఈ, అంటే మన ఒడిశా ప్లస్ టూ బోర్డులో, సైన్స్ పిల్లకి ఇలా వచ్చాయనుకుందాం: ఇంగ్లీషు 58, ఎంఐఎల్ (భారతీయ భాష పేపరు) తెలుగు 84, ఫిజిక్స్ 71, కెమిస్ట్రీ 69, మ్యాథ్స్ 77, బయాలజీ 80. మొత్తం 439. దాన్ని 600తో భాగిస్తే 73.17 శాతం. గడప ఇవతలే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు అసలు లెక్క వేయండి. ఫిజిక్స్ 71, కెమిస్ట్రీ 69, మ్యాథ్స్ 77 కలిపితే 217. భాష కింద తెలుగు 84 కలిపితే 301. ఐదోదానికి ఇంగ్లీషు 58, బయాలజీ 80 రెండూ మిగిలాయి, ఎక్కువున్న 80 కలిపితే 381. ఐదు వందలకి 381 అంటే 76.2 శాతం. పిల్ల గడప దాటేసింది.

దాటించింది ఎంఐఎల్ తెలుగు. మన ఇళ్లలో "ఆ తెలుగు పేపరుకి చదవడమేంటి, ఫిజిక్స్ చూసుకో" అంటారు. నాలుగు పద్యాలు, రెండు పాఠాలు శ్రద్ధగా చూసుకుంటే వచ్చే మార్కుల్ని అలా వదిలేసుకోకండి.

ఆంధ్ర ఇంటర్ చదివినవాళ్లకి లెక్క వేరు. 2025 దాకా నడిచిన పద్ధతిలో ఎంపీసీకి రెండేళ్లవీ కలిపి 1000: ఇంగ్లీషు 200, రెండో భాష 200, మ్యాథ్స్ 300, ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150. అక్కడున్నవే ఐదు సబ్జెక్టులు కాబట్టి వదిలేసుకోవడానికి ఏమీ ఉండదు, కానీ ఒక్కో సబ్జెక్టునీ వందకి మార్చి, మొత్తం ఐదు వందలకి శాతం చూడాలి.

అయినా 75 రాలేదా? కంగారు పడకుండా టాప్ 20 పర్సెంటైల్ చూడండి. ఇది శాతం కాదు, పర్సెంటైల్. ఆ ఏడాది మీ బోర్డులో పాసైనవాళ్లలో పైనున్న ఐదో వంతు ఎన్ని మార్కుల దగ్గర మొదలవుతుందో ఆ అంకె. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల కౌన్సెలింగ్ చేసే జోసా ప్రతి బోర్డుకీ కేటగిరీవారీగా ఈ అంకె ప్రకటిస్తుంది. కొన్ని బోర్డులకి అది 75 శాతం కంటే కిందే ఉంటుంది. జోసా వెబ్‌సైట్లో మీ బోర్డు వరుస చూడకుండా ఆశ వదులుకోకండి.

మూడో అడుగు: వాటా ఉన్నచోట బోర్డు మార్కుని పరీక్ష మార్కులోకి మార్చండి

ఆంధ్ర ఈఏపీసెట్‌లో ర్యాంకు కట్టేటప్పుడు 75 పాళ్లు పరీక్షకి, 25 పాళ్లు ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకి ఇస్తారు. కరోనా ఏళ్లలో ఆపి, 2023లో మళ్లీ తెచ్చారు. తెలంగాణ మాత్రం ఆ వాటాని పూర్తిగా ఎత్తేసింది. పక్కపక్కనే ఉన్న రెండు తెలుగు రాష్ట్రాలకే ఒక పద్ధతి లేదు, ఇక "అందరూ మార్కులు చూస్తారు" అనే మాటకి అర్థమేముంది?

పాతిక పాళ్లంటే నిజంగా ఎంత? పరీక్ష 160 మార్కులకి, గ్రూపు సబ్జెక్టులు 600కి. ఒకరికి గ్రూపులో 570, ఇంకొకరికి 480 వచ్చాయనుకుందాం. తేడా 90. పాతికలోకి మారిస్తే అది 3.75 పాయింట్లు. అదే 3.75 పాయింట్లు పరీక్షలో సంపాదించాలంటే 8 మార్కులు కావాలి. అంటే రెండేళ్లలో పోగొట్టుకున్న 90 మార్కుల్ని మూడు గంటల పరీక్షలో 8 సరైన జవాబులు పూడ్చేస్తాయి. వినడానికి చిన్నదే. కానీ వేలమంది ఒకే చోట గుమిగూడే మధ్య ర్యాంకుల్లో ఆ ఎనిమిది చాలా దూరం తోస్తాయి. ఈ లెక్క ఒకసారి వేసుకుంటే, మార్చి దాకా బోర్డు పుస్తకాలు, ఆ తర్వాత బిట్ల ప్రాక్టీసు అని కాలాన్ని ఎలా పంచుకోవాలో పిల్లలకే తెలుస్తుంది.

మన బోర్డు నుంచి వెళ్లి ఈఏపీసెట్ రాసేవాళ్లకి ఒక మాట. ఆంధ్ర బోర్డు పిల్లల మార్కులు ఈఏపీసెట్ వాళ్లకి వాటంతటవే చేరతాయి. సీహెచ్‌ఎస్‌ఈ పిల్లల మార్కులైతే డిక్లరేషన్‌తో మనమే పంపుకోవాలి. పరీక్ష బాగా రాసి, ఈ ఒక్క పని మరిచిపోయి ర్యాంకు కార్డు కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి.

నాలుగో అడుగు: సెంట్రల్ యూనివర్సిటీలకి మార్కులు పక్కన పెట్టి సీయూఈటీ పట్టుకోండి

మన సీహెచ్‌ఎస్‌ఈలో 80 శాతం దాటితే వీధిలో స్వీట్లు పంచుతారు. విశాఖలో వెయ్యికి 980 వచ్చినా "ఆ ఇరవై ఎక్కడ పోయాయి" అని పిల్లాణ్ణి నిలబెడతారు. ఈ రెండు మార్కుల్నీ ఒక లిస్టులో పెట్టి పోల్చడం ఎంత అన్యాయమో చెప్పక్కర్లేదు. ఢిల్లీ యూనివర్సిటీలో 2021 దాకా జరిగింది అదే. ప్లస్ టూలో బెస్ట్ ఆఫ్ ఫోర్, అంటే ఎక్కువ మార్కులొచ్చిన నాలుగు సబ్జెక్టులు చూసి కటాఫ్ ఇచ్చేవాళ్లు. ఆ ఏడాది కొన్ని కాలేజీల్లో కొన్ని కోర్సులకి కటాఫ్ 100 శాతానికి చేరింది. మరుసటి ఏడాది, 2022లో, సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ వచ్చింది.

ఇప్పుడు ఢిల్లీ యూనివర్సిటీకీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల కోర్సులకీ, మన కోరాపుట్‌లో 2009లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీ ఆఫ్ ఒడిశాకీ దారి ఇదే. 2025 పద్ధతిలో ఒక సబ్జెక్టుకి 50 ప్రశ్నలు, గంట సమయం. ఒప్పుకి 5, తప్పుకి మైనస్ 1, మొత్తం 250. గరిష్ఠంగా ఐదు సబ్జెక్టులు రాయొచ్చు. ప్రశ్నపత్రం 13 భాషల్లో ఉంటుంది, తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. తెలుగు మీద ప్రేమతో తెలుగు మాధ్యమం టిక్ పెట్టే ముందు ఒకసారి ఆగండి. కెమిస్ట్రీని ప్లస్ టూలో ఇంగ్లీషులో చదివిన పిల్లకి "సంయోజనీయత" అనే మాట పరీక్ష హాల్లో మొదటిసారి ఎదురైతే ఏం లాభం? చదివిన భాషలోనే రాయాలి.

ఢిల్లీకి సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు, ప్లస్ టూలో చదివిన సబ్జెక్టులే సీయూఈటీలోనూ రాయాలన్నది గుర్తుంచుకోండి. ఇక్కడ చాలా ఫారాలు దెబ్బతింటాయి. సైన్స్ గ్రూపు పిల్ల "ఎకనామిక్స్ ఈజీ అంట" అని పెట్టేస్తే ఆ స్కోరు ఢిల్లీలో చెల్లదు.

ఇక తగవు సంగతి. ఇద్దరి సీయూఈటీ స్కోరూ సమానమైతే అప్పుడు ప్లస్ టూ మార్కులు బయటికి తీస్తారు. ముందు బెస్ట్ త్రీ సబ్జెక్టుల శాతం, అదీ సమానమైతే బెస్ట్ ఫోర్, తర్వాత బెస్ట్ ఫైవ్. సరిగ్గా కటాఫ్ గీత మీద నిలబడ్డ పిల్లలకి దీంతో పని పడుతుంది, తక్కినవాళ్లకి దీని అవసరమే రాదు.

ఐదో అడుగు: ఎక్కడ చదవాలో పదో తరగతిలోనే తేల్చుకోండి

అసలు ఈ వ్యాసం రాయాలనిపించింది దీని కోసమే.

మా అన్నయ్య కొడుకుని ఇంటర్‌కి విశాఖలో ఒక కాలేజీలో వేశాం. సాయంత్రం రైలెక్కిస్తే రాత్రికి చేరతాడు, అక్కడ కోచింగ్ బాగుంటుంది, మార్కులూ దండిగా వస్తాయి, ఇంకేం కావాలి అనుకున్నాం. జేఈఈ మెయిన్‌లో ర్యాంకు బాగానే వచ్చింది. జోసా ఆప్షన్లు మా సెంటర్లోనే, నా చేత్తోనే పెట్టాను. పాత ఏడాది రూర్కెలా ఎన్‌ఐటీ హోమ్ స్టేట్ క్లోజింగ్ ర్యాంకులు పక్కన పెట్టుకుని, వాడి ర్యాంకు వాటిలో ఇమిడిందని చూసుకుని, వదినకి ఫోన్ చేసి "అయిపోయినట్టే" అన్నాను. మొదటి రౌండు వచ్చింది. రూర్కెలా లేదు. వాడి వివరాల్లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంది.

తప్పు కంప్యూటర్ది కాదు, నాది. ఊరందరి ఫారాలూ నింపే నాకే ఆ నిబంధన తెలియలేదు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్ పిల్లలకి. హోమ్ స్టేట్ అంటే ఇల్లున్న రాష్ట్రం కాదు, తండ్రి ఓటున్న రాష్ట్రం కాదు. 12వ తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో అదే. రేషన్ కార్డు రాయగడది, ఆధార్ రాయగడది, పుట్టింది రాయగడ ఆసుపత్రిలో. అయినా జోసా లెక్కలో వాడు ఆంధ్రవాడు. చివరికి తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో హోమ్ స్టేట్ సీటులోనే చేరాడు, బాగానే చదువుతున్నాడు. వదిన మాత్రం ఆ ఫోన్ కాల్ ఇంకా గుర్తుచేస్తుంది.

సరే, ఆంధ్రవాడయ్యాడు కదా, ఈఏపీసెట్‌లో లోకల్ అవుతాడా అంటే అదీ కాదు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం లోకల్ కావాలంటే, ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివుండాలి. ఇంటర్ రెండేళ్లు చాలవు, తొమ్మిదో తరగతి నుంచే అక్కడ ఉండాలి. 85 శాతం సీట్లు లోకల్‌కే. మిగిలిన 15 శాతానికి కూడా తానో తల్లిదండ్రులో పదేళ్లు ఆ రాష్ట్రంలో ఉన్నారనో, అలాంటి ఇంకేదో షరతో దాటాలి. తాతల కాలం నుంచి ఒడిశాలో ఉన్న కుటుంబానికి ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? రెండేళ్ల ఇంటర్ కోసం వెళ్లినవాడి పని రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది: రూర్కెలాకి బయటివాడు, విశాఖకి నాన్ లోకల్.

కాబట్టి పదో తరగతి ఫలితాలు రాకముందే ఒకసారి కూర్చుని ఆలోచించండి. రూర్కెలా ఎన్‌ఐటీ మీద ఆశ ఉంటే ప్లస్ టూ ఒడిశాలోనే చేయించండి, కోచింగ్ కావాలంటే వేరే దారి చూసుకోండి. ఆంధ్రలో స్థిరపడే ఉద్దేశం ఉంటే ఎనిమిదో తరగతి అవగానే పంపండి, మధ్యలో పంపకండి. నీట్ రాసే పిల్లలకి ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటా, 85 శాతం రాష్ట్రానివి. ఆ 85 కోసం రాష్ట్ర కౌన్సెలింగ్ బ్రోషర్‌లో నేటివిటీ పేజీ మొదటి అక్షరం నుంచి చదవండి.

ఇంత చెప్పి ఒక మినహాయింపు. సీయూఈటీ, ఐసర్ లాంటి చోట్ల ఏ రాష్ట్రంలో రాశారన్నదానితో పనిలేదు. పిల్లకి బేసిక్ సైన్స్ మీద ఇష్టముంటే ఈ తలనొప్పి సగం తగ్గినట్టే.

మహారాష్ట్ర వైపు సిరొంచ, రాజురా, దెగ్లూర్ తెలుగువాళ్లకీ ఎన్‌ఐటీ నిబంధన ఇదే. హెచ్‌ఎస్‌సీ, అంటే మహారాష్ట్ర 12వ తరగతి, అక్కడ పాసైతే నాగపూర్ వీఎన్‌ఐటీ హోమ్ స్టేట్, మంచిర్యాలకో నిజామాబాద్‌కో వచ్చి ఇంటర్ చదివితే వరంగల్. మహారాష్ట్ర ఇంజనీరింగ్‌కి ఎంహెచ్‌టీ సెట్ పర్సెంటైలే ప్రధానం. బోర్డులో గ్రూపు సబ్జెక్టులకి 45 శాతం, రిజర్వుడు వర్గాలకి 40 ఉంటే గడప దాటినట్టే.

ఆరో అడుగు: కాగితాలు

కేటగిరీ మారితే గడపా మారుతుంది, ఎస్సీ ఎస్టీలకి 75 కాస్తా 65 అవుతుంది. కానీ కులాల జాబితా రాష్ట్రానికో రకం. శ్రీకాకుళంలో బీసీ అయిన చుట్టాల్ని చూసి ఇక్కడ కూడా అంతే అనుకోకండి. ఒడిశా జాబితాలో మీ కులం ఉందా, సెంట్రల్ ఓబీసీ జాబితాలో ఒడిశా పేజీలో ఉందా, రెండూ వేరువేరుగా చూడండి. జోసాకి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే కావాలి, పాతది పనికిరాదు.

మన తెలుగు పేర్ల గోల ఇంకోటి. ఇంటిపేరు మెట్రిక్ సర్టిఫికెట్‌లో చివరన, ఆధార్‌లో ముందు, ప్లస్ టూలో ఒక్క అక్షరం పొడి. ఒడియా స్పెల్లింగ్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి "అప్పారావు"లో ఒక 'ప' మాయం. మార్కుల షీటు ఎంత బాగున్నా వెరిఫికేషన్‌లో పేరు కుదరకపోతే అఫిడవిట్లు, తిరుగుళ్లు. మెట్రిక్‌లో ఉన్నట్టే మిగతావన్నీ సరిచేయించుకోండి, అదీ ప్లస్ టూ మొదటి ఏడాదిలోనే.

ఏడో అడుగు: గడపకి రెండు మార్కులు తగ్గితే

ముందు రీ-అడిషన్ పెట్టండి. కౌంటింగ్ తప్పులు నిజంగానే దొరుకుతాయి. గడువు తక్కువ, ఫలితం వచ్చిన వారంలోనే కదలాలి.

అది తేలకపోతే ఇంప్రూవ్‌మెంట్, అంటే మార్కులు పెంచుకోవడానికి పరీక్ష మళ్లీ రాయడం, గురించి ఆలోచించండి. కానీ ఐఐటీ ఆశ ఉన్నవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయగలిగేది 12వ తరగతి మొదటిసారి రాసిన ఏడాదీ, దాని మరుసటి ఏడాదీ మాత్రమే. ఇంప్రూవ్‌మెంట్‌తో సంవత్సరం లెక్క మళ్లీ మొదలవదు. ఎన్‌ఐటీ ఒక్కటే లక్ష్యమైతే ఆ ఇబ్బంది లేదు.

ఈలోగా శామ్స్ ఫారం ఆపకండి. మార్కులే ర్యాంకయ్యే సీటు కాబట్టి ఉన్న మార్కులతోనే నింపి పెట్టండి. ఆప్షన్లు మీకు నిజంగా నచ్చిన వరుసలో పెట్టండి, రాదనుకున్న కాలేజీని కిందికి నెట్టకండి. మొన్న జూన్‌లో ఒక పెద్దాయన మనవరాలికి ఇంటి దగ్గరి కాలేజీ ముందు, బరంపురం ఆఖర్న పెట్టించాడు. పిల్ల ఇష్టమేంటని అడిగితే బెంచీ మీద కూర్చున్న పిల్ల తల ఎత్తకుండా, "బరంపురమే తాతయ్యా" అంది. ఫారం లాక్ చేయడానికి ఇంకా నలభై నిమిషాలుంది. మళ్లీ మొదటి నుంచి పెట్టాం.